వచన కవిత రాయాలనుకున్నా, ముందు ఆటవెలది రాయండి

కవిత్వం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవారికి ఛందస్సు, అంటే పద్యం లెక్కల నియమాలు, అవసరమా, నేరుగా వచన కవిత రాసుకోవచ్చా అని మీరు అడిగారు. చివరికి మీరు రాయదలచుకున్నది వచన కవితే అయినా, ముందు కొన్నాళ్లు ఆటవెలదులు రాయండనే నేను గట్టిగా చెబుతాను. సంప్రదాయం మీది అభిమానంతో అంటున్న మాట కాదిది. ఒక్క పద్యపాదం నాకు నేర్పినదాన్ని బట్టి అంటున్నాను.

వేమన పద్యాలు ఎక్కువగా ఆటవెలదులే కాబట్టి, ఆ నడక చాలామందికి చిన్ననాడే చెవికెక్కి ఉంటుంది. పద్యపాదాన్ని గురువులు (నిడివిగా పలికే అక్షరాలు), లఘువులు (పొట్టిగా పలికే అక్షరాలు) కలిసిన చిన్న గుంపులుగా, అంటే గణాలుగా లెక్కిస్తారు. వాటిలో సూర్యగణాలు చిన్నవి, ఇంద్రగణాలు కాస్త పెద్దవి. ఆటవెలది బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. ప్రాస, అంటే అన్ని పాదాల్లోనూ రెండవ అక్షరంగా ఒకే హల్లు రావాలన్న నియమం, లేదు. పాదం మొదటి అక్షరంతో నాలుగవ గణం మొదటి అక్షరానికి యతి, అంటే ధ్వనిలో పొత్తు, కుదరాలి. అది కుదరనప్పుడు ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండవ అక్షరాలకు పొత్తు) వేసుకోవచ్చు.

నా తొలి పద్యాల్లో ఒకటి "వాన వెలిసె నేడు పాత గోడలమీద" అని మొదలయ్యేది. నిజానికి నేను రాయాలని కూర్చున్నది తడిసిన చెట్ల గురించి. 'వా'కు యతి కుదరాలి కనుక ప, ఫ, బ, భ, వలతో మొదలయ్యే మాటలను ఒక్కొక్కటిగా పైకి అనుకుంటూ ఉంటే 'పాత గోడ' తగిలింది. తగిలిన క్షణంలోనే, ఆ వాన గురించి నాకు బలంగా గుర్తున్నది చెట్లు కాదనీ, గోడ మీద పాకిన తడి మరక అనీ తెలిసింది. యతి అడ్డుపడకపోతే నేను చెట్ల దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

ఆ పద్యాన్ని పద్యవిద్య బాగా తెలిసిన ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన ఆ పాదాన్ని రెండుసార్లు పైకి చదివి, 'నేడు' మీద వేలు పెట్టి, "ఈ మాట తీసేస్తే అర్థంలో ఏం తగ్గుతుంది? వాన వెలిసింది సరే, గోడల మీద ఏముందో చెప్పలేదేం?" అని అడిగారు. గణాలు సరిపోయాయి, యతి కుదిరింది. అయినా ఆ మాట పాదపూరణ కోసమే అక్కడ ఉంది. దాని స్థానంలో హగణమో (గురువు, లఘువు) నగణమో (మూడు లఘువులు) అయ్యే మాట, అదీ గోడ మీద నిజంగా ఉన్నదాని పేరు కావాలి. ఆ సాయంత్రమంతా వెతికితే 'చెమ్మ' దొరికింది: "వాన వెలిసె, చెమ్మ పాత గోడలమీద." ఒక్క మాట మారేసరికి, అంతవరకు సమాచారంగా ఉన్న పాదం కంటికి కనబడసాగింది.

గణయతులను సరిచూసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉన్నాయి. కొత్తవారికి అవి మేలే చేస్తాయి, కానీ 'నేడు'ను అవి ఎన్నటికీ పట్టుకోవు. అందుకే ఇప్పుడు పంచుకుంటున్న పద్యాల్లో 'భువిని', 'సుమ్ము', 'నిజము' వంటి మాటలు లెక్క నింపడానికే వచ్చి కూర్చుంటున్నాయి. చదివినవారు అద్భుతమని మెచ్చుకుని వెళ్లిపోతారే తప్ప, ఫలానా మాట ఎందుకని అడిగేవారు కరువయ్యారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. వచన కవితలో పరిస్థితి ఇంకా కష్టం. అక్కడ గణం లేదు కాబట్టి 'మౌనం', 'వెన్నెల', 'కన్నీరు' అంటూ మొదట తోచిన మాటే చివరిదాకా నిలిచిపోతుంది, వాక్యాన్ని ముక్కలుగా విరిచి కింద కింద పేర్చితే కవిత అయిందని రాసినవారికి అనిపిస్తుంది. తోచిన మాటను కాదని మరొకదాన్ని వెతికే ఓపిక ఛందస్సు దగ్గర అలవడినంత త్వరగా మరెక్కడా అలవడదు.

ఆటవెలది పట్టుబడ్డాక తేటగీతికి వెళ్లండి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. కందంలో ప్రాసతో పాటు జగణం (లఘువు, గురువు, లఘువు) ఎక్కడ రావచ్చో చెప్పే నియమం కూడా ఉంది కనుక దాన్ని ఆ తర్వాతకు ఉంచుకోండి, గురులఘువుల వరుస మారకుండా ఉండే ఉత్పలమాల వంటి వృత్తాలను ఇంకా తర్వాతకు. ఈలోగా వచన కవిత రాయాలనిపిస్తే నిరభ్యంతరంగా రాయండి. రాసిన ప్రతి పంక్తినీ పైకి చదివి, ఒక్కొక్క మాటనూ తీసి చూడండి.