ఆమ్లెట్ మీద మిరియాల పొడి

బంగారూ,

నిన్న రాత్రి పదకొండింటికి నువ్వు పంపిన ఫొటో పొద్దున లేచాక చూశాను. సగం తిన్న ఆమ్లెట్, దాని మీద నల్లటి చుక్కలు, కింద "పిన్నీ, మిరియాల పొడి వేసుకుని తినేశాను, కడుపులో బిడ్డకి ఏమైనా అవుతుందా?" అని ఒక్క ముక్క. వెంటనే ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ ఫోన్లో చెబితే నువ్వు సగం వింటావు, ఆ సగం మీ ఆయనకి చేరేసరికి ఇంకోలా మారిపోతుంది. అందుకే రాస్తున్నాను. ఇద్దరూ కూర్చుని చదవండి.

ఏమీ అవదు. తిన్నది అరిగిపోయి కూడా ఉంటుంది ఈపాటికి. నిజం చెప్పాలంటే ఆ ఫొటోలో నాకు భయం వేసింది మిరియాలని చూసి కాదు, మధ్యలో జారుతూ కనిపించిన పచ్చి సొనని చూసి. గుడ్డు రెండు వైపులా గట్టిపడేదాకా కాల్చుకో. మిరియాలు నీ ఇష్టం.

"మిరియాలు వేడి చేస్తాయి, కడుపు నిలవదు" అని నీకెవరు చెప్పారో నేను అడగను. ముప్పై ఏళ్ళు ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేశాను కదా, కడుపు పోయిన పిల్ల కళ్ళు తెరవగానే అడిగే మాట "నేనేం తిన్నాను సిస్టర్?" అనే. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి కారణం పిండం క్రోమోజోముల్లో తేడా. అది మొదట్లోనే పడిపోయిన లెక్క. ఆ తర్వాత తిన్న కూరకీ దానికీ సంబంధం ఉండదు. ఎన్నిసార్లు చెప్పినా నమ్మేవాళ్ళు కాదు. తనని తాను తిట్టుకోవడానికి మనిషికి ఏదో ఒకటి కావాలి, మసాలా డబ్బా చేతికి దగ్గరగా ఉంటుంది మరి.

ఆ "వేడి" ఏమిటో కూడా చెబుతాను. మిరియంలో పైపెరిన్ అని ఒక పదార్థం ఉంటుంది, ఘాటంతా దానిదే. మన నోట్లో వేడినీ నొప్పినీ పసిగట్టే నరాలు ఉంటాయే, పైపెరిన్ వాటినే తట్టి లేపుతుంది. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ చేసే పనీ అదే. నిజంగా ఏమీ కాలకపోయినా "కాలుతోంది" అని మెదడుకి కబురు వెళుతుంది, చెమట పడుతుంది, ముక్కు కారుతుంది. ఆ కబురు గర్భసంచికి వెళ్ళదు. నెలలు నిండాక నొప్పులు తొందరగా రావాలని కారంగా తినేవాళ్ళని కూడా చూశాను. నొప్పులు రాలేదు, విరేచనాలు వచ్చాయి.

అయితే ఇష్టమొచ్చినంత తిను అని కాదు నేననేది. మిరియం వల్ల ఇబ్బంది ఉంది, కాకపోతే అది బిడ్డకి కాదు, నీకు. నాలుగో నెల కదా, ఇప్పటికే పుల్లటి తేన్పులు మొదలై ఉంటాయి. గర్భంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరిగి ఒంట్లో కండరాలని వదులు చేస్తుంది. అన్నవాహికకీ కడుపుకీ మధ్య ఉండే బిగింపు కూడా దాంతో వదులవుతుంది, కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. ఏడో నెల వచ్చేసరికి కింద నుంచి గర్భసంచి నొక్కడం కూడా తోడవుతుంది. ఇంత జరుగుతున్న చోట ఘాటు పడితే గుండెల్లో మంట మండదా?

నా సంగతే చెబుతాను, మీ అమ్మకి కూడా తెలియదు. రెండో కాన్పుకి ముందు, ఆరో నెలలో నాకు దగ్గు పట్టుకుంది. నర్సునన్న ధీమా ఒకటి. మాత్రలెందుకులే అని గుప్పెడు మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, రెండు గ్లాసుల నీళ్ళు అర గ్లాసు అయ్యేదాకా మరిగించి, పొద్దునా మధ్యాహ్నం రాత్రి పరగడుపునే తాగాను. రెండో రోజు రాత్రి ఒంటిగంటకి గొంతు దాకా నిప్పు పోసినట్టయింది. పడుకుంటే మంట, కూర్చుంటే నిద్ర. గోడకి దిండు ఆనించుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. డ్యూటీలో డాక్టరమ్మకి చెబితే ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. "కూరలో ఇన్ని మిరియాలు వేస్తావా?" అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇవాళ నీకు చెప్పదలచుకున్నది కూడా ఆ ప్రశ్నే. ఏ మసాలా దినుసైనా నీ చేతిలోకి వచ్చినప్పుడు, ఇంత నువ్వు కూరలో వేస్తావా? వేస్తానంటే నిశ్చింతగా తిను. వేయనంటే అది తిండి కాదు, మందు. మందుని డాక్టరుకి చెప్పకుండా మింగకు.

"ఆరోగ్యానికి పసుపు మాత్రలు" అని సీసాల్లో అమ్ముతున్నారు చూడు, వాటి వెనక చిన్న అక్షరాలు చదివితే మిరియాల సారం అని కనిపిస్తుంది. పసుపులో ఉండే కర్క్యుమిన్‌ని ఒళ్ళు మామూలుగా పెద్దగా పట్టించుకోదు, బయటికి నెట్టేస్తుంది. పైపెరిన్ ఆ నెట్టేసే పనికి అడ్డుపడుతుంది. 1998లో మనుషుల మీద చేసిన ఒక పరిశోధనలో 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ ఇస్తే, రక్తంలోకి చేరే కర్క్యుమిన్ సుమారు 20 రెట్లు పెరిగింది. అందుకే మాత్రల్లో రెండూ కలుపుతారు. పసుపు పొడిలో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ళు అనుకుంటే, 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి మింగడమంటే ఐదు చెంచాల పసుపు తిన్నట్టు. కూరలో ఐదు చెంచాల పసుపు వేస్తావా? అంత మోతాదు కడుపులో బిడ్డకి మంచిదని ఎవరూ తేల్చలేదు. నీ అల్మారాలో అలాంటి సీసా ఉంటే కాన్పు అయ్యేదాకా దాని జోలికి పోకు.

పైపెరిన్‌కి ఉన్న ఈ గుణం పసుపుతో ఆగదు. మూర్ఛకి వాడే ఫెనిటోయిన్, బీపీకి వాడే ప్రొప్రనొలాల్ లాంటి మందులు కూడా దానివల్ల రక్తంలో పెరుగుతాయని తేలింది. నీకు ఆ మందులు లేవు, సరే. నీ స్నేహితురాలెవరో మూర్ఛ మాత్రలు వాడుతూ గర్భంతో ఉందన్నావు కదా, ఆ అమ్మాయికి చెప్పు: కూరలో మిరియాలకి భయం లేదు, మిరియాల కషాయాలు మాత్రం డాక్టరుని అడగకుండా వద్దు.

మిగతా దినుసుల గురించి కూడా అడుగుతావని తెలుసు. అల్లం నీకు మంచి తోడు. వికారానికి పనిచేస్తుందని డాక్టర్లే ఒప్పుకుంటారు. పరిశోధనల్లో ఎక్కువగా వాడింది రోజు మొత్తానికి ఒక గ్రాము ఎండు అల్లం పొడి, మూడు నాలుగు సార్లుగా. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు మాత్రం ముందు చెప్పి వాడాలి. జీలకర్ర, ధనియాలు, ఆవాలు, ఇంగువ, లవంగాలు, యాలకులు వంటలో వేసినంత వరకు వాటి గురించి ఆలోచించడం కూడా దండగ. జాజికాయ చిటికెడు పరవాలేదు, రెండు చెంచాల పొడి లోపలికి పోతే ఎవరికైనా గుండె దడ, భ్రమలు వస్తాయి. కుంకుమపువ్వు నాలుగు రేకులు చాలు, గ్రాముల లెక్కకి పోతే విషం. ఏ దినుసు నూనె అయినా, లవంగ నూనె గానీ దాల్చిన నూనె గానీ, చుక్క కూడా తాగకు.

దాల్చిన చెక్క దగ్గర కాస్త ఆగు. చెక్కని చేతిలోకి తీసుకుని అంచు చూడు. కాగితం లాంటి పల్చటి పొరలు చుట్టలా చుట్టుకుని, వేళ్ళతో నలిపితే విరిగితే అది సిలోన్ రకం. ఒకటే మందపాటి పొర, చెట్టు బెరడులా గట్టిగా ఉంటే అది కాసియా. ఈ కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, అది మోతాదు మించితే కాలేయానికి చెరుపు. యూరప్‌లో రోజుకి మన ఒంటి బరువులో కిలోకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదని పెట్టారు. రోజూ చెంచా కాసియా పొడి తాగితే ఆ హద్దు దాటిపోవచ్చు. కూరలో వేసే చిన్న ముక్కతో ఏమీ కాదు.

మెంతులు కూడా వంట మేరకే. షుగరుకని నానబెట్టి గుప్పిళ్ళు మింగకు. ఒక తమాషా చెప్పనా? కాన్పుకి ముందు మెంతులు బాగా తిన్న తల్లుల పసిబిడ్డల ఒంటి నుంచి, మూత్రం నుంచి పాకం లాంటి తియ్యటి వాసన వస్తుంది. అలాంటి వాసనే వచ్చే అరుదైన పుట్టు జబ్బు ఒకటుంది. దాంతో డాక్టర్లు కంగారుపడి పరీక్షలు చేయించిన సందర్భాలు ఉన్నాయి.

అతిమధురం మాత్రం వద్దు. దగ్గు కషాయాల పొడుల్లో మిరియాలతో పాటు అది కూడా కలుపుతారు, ప్యాకెట్ మీద చూసుకో. అందులోని గ్లిసరైజిన్ బీపీని పెంచుతుంది, పొటాషియంని పడగొడుతుంది. గర్భిణులు దానికి దూరంగా ఉండాలని ఫిన్లాండ్ ఆరోగ్య శాఖవాళ్ళే చెబుతారు.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టేది వేరే ఉంది. దినుసు కాదు, దానికి అంటుకుని వచ్చేది. మిరియాలని తీగ మీద నుంచి కోసి ఎండలో ఆరబోస్తారు, పక్షులు తిరుగుతాయి, దుమ్ము పడుతుంది. సాల్మొనెల్లా లాంటి క్రిమి ఆ పొడిలో నెలల తరబడి చావకుండా ఉంటుంది. 2009, 2010లో అమెరికాలో మిరియాలు అద్దిన మాంసం ముక్కలు తిని 270 మందికి పైగా జబ్బుపడ్డారు. ఉడుకుతున్న కూరలో పడ్డ మిరియంతో భయం లేదు, ఆ వేడికి క్రిమి చస్తుంది. చల్లటి సలాడ్ మీదా పెరుగు మీదా పచ్చి పొడి చల్లుకోవడమే వద్దంటాను. చల్లుకోక తప్పదంటే, గింజలని పొడి మూకుడులో బాగా వేడెక్కి వాసన వచ్చేదాకా వేయించి, పొడి చేసి పెట్టుకో.

పొడి కొనకు, గింజలు కొను. గ్లాసు నీళ్ళలో చెంచాడు గింజలు వేసి చూడు. గట్టి మిరియాలు అడుక్కి పోతాయి. ఎండబెట్టిన బొప్పాయి గింజలు కలిపి ఉంటే పైన తేలుతాయి. తేలిన ప్రతిదీ కల్తీ అనుకోకు, తాలు మిరియాలు కూడా తేలుతాయి. ఒకటి తీసి కొరికి చూస్తే ఘాటుతోనే తెలిసిపోతుంది. పసుపుకి ఇలాంటి ఇంటి పరీక్షలు చాలవు. రంగు కోసం సీసం ఉండే లెడ్ క్రోమేట్ కలిపేవాళ్ళున్నారు, కొమ్ముల మీద పూసేవాళ్ళు కూడా ఉన్నారు. సీసం మాయ దాటి బిడ్డ మెదడు దాకా పోతుంది. కళ్ళు చెదిరే పసుపుని నమ్మకు, పరీక్ష చేయించి అమ్మే ప్యాకెట్టే తీసుకో. మిరపకాయలకి గానీ జాజికాయకి గానీ బూజు కనిపిస్తే వేయించి వాడుకుందామనుకోకు, ఆ బూజు వదిలే విషం వేయించినా పోదు. పారేయి.

మంట వచ్చినప్పుడు ఏం చేయాలంటే, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తిను. తిన్నాక రెండు మూడు గంటలు నడుం వాల్చకు. పదకొండింటికి ఆమ్లెట్ ఏమిటి అసలు! మంచం తలవైపు కోళ్ళ కింద చెరో ఇటుక పెట్టమని మీ ఆయనకి చెప్పు, ఎడమవైపు తిరిగి పడుకో. నోరు మండితే నీళ్ళు కాదు, పాలు తాగు. నీళ్ళలో క్యాప్సైసిన్ సరిగా కరగదు. వంటసోడా కలుపుకుని తాగకు, ఉప్పు తిన్నట్టే. మంటకి డాక్టరు సిరప్ రాస్తే, ఐరన్ మాత్రకీ దానికీ రెండు గంటల తేడా ఉండాలి, లేకపోతే ఐరన్ ఒంటికి పట్టదు.

ఇది మాత్రం మీ ఆయన కూడా గుర్తుపెట్టుకోవాలి. నా డ్యూటీ రోజుల్లో ఒకమ్మాయి ఎనిమిదో నెలలో కుడివైపు పక్కటెముకల కింద నొప్పి అంటే, రాత్రి తిన్న మసాలా అని ఇంట్లోవాళ్ళు ఒకటిన్నర రోజు మజ్జిగ తాగించారు. తీసుకొచ్చేసరికి బీపీ 180 దగ్గరుంది. ఆ నొప్పి మసాలాది కాదు, బీపీది. తల్లీబిడ్డా దక్కారు, కానీ ఆ రాత్రి మా అందరి చేతులూ వణికాయి. ఐదో నెల దాటాక అక్కడ నొప్పి వచ్చినా, తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు, ముఖం చేతులు ఉబ్బడం ఏది కనిపించినా మసాలా మీదకి నెట్టకుండా బయల్దేరండి. అర్ధరాత్రయినా సరే. నీళ్ళు కూడా నిలవకుండా వాంతులైనా, రక్తం కనిపించినా అంతే.

నువ్వు చప్పిడి తిండికి దిగిపోతావేమోనని నాకు ఇంకో బెంగ. తినబుద్ధి కాక బరువు తగ్గిన పిల్లల్ని చాలామందిని చూశాను. పైగా నువ్వు తినేవాటి రుచులు కొన్ని ఉమ్మనీటిలోకి దిగుతాయి, బిడ్డ దాన్నే మింగుతూ ఉంటుంది. ఫ్రాన్స్‌లో 2000లో ఒక పరిశోధన చేశారు. కడుపుతో ఉన్నప్పుడు సోంపు లాంటి వాసన ఉండే ఆనిస్ తిన్న తల్లుల బిడ్డలు, పుట్టిన కొద్ది గంటలకే ఆ వాసన చూపిస్తే అటు తల తిప్పారట. తినని తల్లుల బిడ్డలు మొహం తిప్పుకోవడమో, పట్టించుకోకపోవడమో చేశారు.

ఇవాళ మళ్ళీ ఆమ్లెట్ వేసుకో, గట్టిగా కాల్చి. ఏడింటికల్లా తినేసి ఫొటో పంపు. ఐరన్ మాత్ర పేరు, మోతాదు కూడా రాయి, చూస్తాను. స్కానింగ్ తేదీ ఇంకా చెప్పలేదు నువ్వు.

మీ పిన్ని