మీ ప్రశ్నలు: ప్రభుత్వ ఆఫీసుల్లో వృథా ఎక్కడ మొదలవుతుంది?

ప్రభుత్వ ఆఫీసుల్లో కాగితం, కరెంటు, నీళ్లు, సామాను వృథా అవడం మీద ప్రశ్నలు పంపమని అడిగితే, బయటివాళ్ల కన్నా లోపల పనిచేసేవాళ్లే ఎక్కువ రాశారు. పేర్లు వేయొద్దని దాదాపు అందరూ కోరారు కాబట్టి వేయడం లేదు.

ప్రశ్న: మా ఆఫీసులో ప్రతి అంతస్తులో రంగురంగుల చెత్త డబ్బాలు పెట్టారు. సాయంత్రం అయ్యేసరికి అన్నీ ఒకే సంచిలో గుమ్మరించి తీసుకుపోతున్నారు. ఈ హడావిడి ఎందుకండీ?

జవాబు: డబ్బాలు కొనడం తేలిక, ఫొటో కూడా బాగా వస్తుంది. వేరు చేసిన కాగితాన్ని ఎవరు తీసుకెళ్తారు, వారానికి ఎన్నిసార్లు వస్తారు, తూకం వేసి రసీదు ఇస్తారా అన్నవి మాత్రం ఎవరూ అడగరు. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టులో ‘వేరు చేసినదాన్ని వేరుగానే అప్పగించాలి’ అన్న షరతు లేనప్పుడు శుభ్రం చేసే మనిషిని తప్పుపట్టి లాభం లేదు, చేతికిచ్చిన సంచి ఒకటే కదా. ముందు కాంట్రాక్టు మార్పించండి.

ఆ తర్వాత ఒక రోజు చెత్తను కింద పోయించి, గ్లవ్స్ వేసుకుని, ఏముందో చూడండి. దీన్నే వేస్ట్ ఆడిట్ అంటారు. ఒకవైపే ప్రింటయిన కాగితాలు, వాడి పారేసే కప్పులు, సగం తాగి వదిలేసిన నీళ్ల సీసాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఇవన్నీ మీ ఆఫీసు డబ్బు పెట్టి కొన్నవే! అంటే అసలు కొనకుండా ఉండొచ్చు కూడా. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2007లోనే నగర ప్రభుత్వ డబ్బుతో సీసా నీళ్లు కొనొద్దని మేయర్ ఆదేశం ఇచ్చారు. మీటింగ్ హాల్లో ఫిల్టరు, గాజు గ్లాసులు పెడితే ఆ సీసాల కోసం ప్రత్యేకంగా డబ్బా అక్కర్లేదు.

ప్రశ్న: తక్కువ ధర కోట్ చేసినవాడికే టెండర్ ఇవ్వాలి, లేకపోతే ఆడిట్‌లో ఇరుక్కుంటాం. అలాంటప్పుడు పర్యావరణానికి మంచి వస్తువు ఎలా కొంటాం?

జవాబు: మీ భయం నిజమే. కానీ టెండర్‌లో ‘తక్కువ’ అంటే ఏమిటో నిర్ణయించేది మీరు రాసే స్పెసిఫికేషనే, అంటే వస్తువు ఎలా ఉండాలో, ఎలా పోల్చాలో చెప్పే వివరాలే. ఒక ప్రింటర్ చవగ్గా వస్తుంది, కానీ రెండు వైపులా ప్రింట్ చేయదు, కాట్రిడ్జ్ త్వరగా అయిపోతుంది, రెండేళ్లకి విడిభాగాలు దొరకవు. కొన్నప్పటి ధరతో పాటు అది తినే కరెంటు, రిపేర్లు, చివరికి దాన్ని వదిలించుకునే ఖర్చు కూడా కలిపి పోల్చమని టెండర్‌లోనే రాస్తే, ఎల్-1, అంటే అందరికన్నా తక్కువ కోట్‌గా లెక్కకొచ్చేది, వేరే ప్రింటర్ అవుతుంది. అప్పుడు మీరు తక్కువ ధరకే ఇచ్చినట్టు అవుతుంది, ఆడిట్ వాళ్లు అడిగితే లెక్క చూపించొచ్చు. యూరోపియన్ యూనియన్ 2014లో తెచ్చిన ప్రభుత్వ కొనుగోళ్ల నిబంధనలు ఈ జీవితకాల ఖర్చు లెక్కను స్పష్టంగా అనుమతించాయి. జపాన్ అయితే 2001 నుంచి ప్రభుత్వ సంస్థల హరిత కొనుగోళ్లకి ప్రత్యేక చట్టమే అమలు చేస్తోంది.

ఒక్క ఆఫీసు కొంటే ఏం మారుతుంది అని కూడా అడిగారు. ఒక్కటే అయితే పెద్దగా ఏమీ మారదు. అందరూ ఒకే స్పెసిఫికేషన్ రాస్తే మార్కెట్టే మారుతుంది. అమెరికాలో కరెంటు తక్కువ తినే కంప్యూటర్లకి 1992లో ఎనర్జీ స్టార్ గుర్తు మొదలైంది. మరుసటి ఏడాది అధ్యక్షుడు క్లింటన్ ఫెడరల్ శాఖలు ఆ గుర్తున్న కంప్యూటర్లనే కొనాలని ఆదేశం ఇచ్చారు. అంత పెద్ద కొనుగోలుదారుని వదులుకునే కంపెనీ ఏది? ప్రభుత్వానికి ఒక మోడల్, జనానికి ఇంకో మోడల్ తయారు చేయడం కంపెనీకే దండగ కాబట్టి ఆ లాభం మామూలు కొనుగోలుదారులకీ అందింది.

ప్రశ్న: ఏడాది చివర్లో ‘బడ్జెట్ మురిగిపోతుంది, ఏదో ఒకటి కొనేయండి’ అంటారు. అవసరం లేని కుర్చీలు, టోనర్లు వచ్చి పడతాయి. దీనికి మందు లేదా?

జవాబు: వచ్చిన ఉత్తరాల్లో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇది. పొదుపు పోస్టర్లు ఎన్ని అంటించినా, మిగిల్చిన డబ్బు ఖజానాకి వెనక్కి పోయి, పైగా ‘మీకు అంత అక్కర్లేదన్నమాట’ అని వచ్చే ఏడాది కేటాయింపు కోసేస్తే, ఏ ఆఫీసరు మిగులుస్తాడు? పొదుపు చేసినవాడికి శిక్ష, తగలేసినవాడికి అదే బడ్జెట్. మనుషుల్ని తిట్టే ముందు ఈ నిబంధన చూడాలి.

ఇది ఒక్క చోట జబ్బు కాదు. అమెరికా ఫెడరల్ కొనుగోళ్ల మీద లీబ్‌మన్, మహోనీ అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2017లో అచ్చయింది. ఆర్థిక సంవత్సరం ఆఖరి వారం ఖర్చు, మిగతా వారాల సగటు కన్నా 4.9 రెట్లు ఉందని వాళ్లు తేల్చారు. ఆ హడావిడిలో మొదలుపెట్టిన ఐటీ ప్రాజెక్టుల నాణ్యత కూడా తక్కువే. అయితే అక్కడి న్యాయశాఖకి ఐటీకి వాడని డబ్బును తర్వాతి ఏడాదికి దాచుకునే వీలుంది, ఆ శాఖ ఐటీ ఖర్చులో ఈ ఆఖరి వారం ఉప్పెన కనిపించలేదు. అంటే మందు ఉంది. మిగిలినదాంట్లో కొంత భాగమైనా అదే ఆఫీసు వచ్చే ఏడాది వాడుకునేలా చేయడం, కరెంటు బిల్లులో తగ్గిన మొత్తాన్ని లైట్లు, మోటార్ల మరమ్మతుకి అట్టిపెట్టడం లాంటివి. ఇది మీ స్థాయిలో అయ్యే పని కాదని తెలుసు, ఆర్థిక శాఖ చేయాలి. మీ చేతుల్లో ఉన్నది ఒకటుంది. ఆఖరి రెండు నెలల్లో వచ్చే ప్రతి ఇండెంట్‌కి (సామాను కావాలని పంపే కాగితానికి) స్టాక్ రిజిస్టర్‌లో ఇప్పుడున్న నిల్వ ఎంతో జతచేయాలని నోట్ పెట్టించండి. గోదాములో టోనర్లు గుట్టగా ఉన్నాయని ఫైలు మీదే కనబడితే సంతకం పెట్టేవాడు కొంచెం ఆగుతాడు.

ప్రశ్న: ఫైళ్లన్నీ కంప్యూటర్లోనే నడిపే ఈ-ఆఫీస్ వచ్చాక మా దగ్గర కాగితం పెరిగింది! ప్రింట్ తీసి, సంతకం పెట్టించి, మళ్లీ స్కాన్ చేసి ఎక్కిస్తున్నాం.

జవాబు: నవ్వాలో ఏడవాలో తెలియడం లేదండీ. పాత పద్ధతిని అలాగే ఉంచి దాని మీద కంప్యూటర్ పెడితే ఇంతే అవుతుంది. తీసేయాల్సింది కాగితం కన్నా ముందు, కాగితం అడిగే అలవాటు. ప్రభుత్వమే ఇచ్చిన సర్టిఫికెట్ జిరాక్సులను మళ్లీ ప్రభుత్వానికే మూడు సెట్లు ఇవ్వమనడంలో అర్థమేముంది? ఎస్టోనియాలో 2001 నుంచి ఎక్స్-రోడ్ అనే వ్యవస్థ ద్వారా శాఖల డేటాబేసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, పౌరుడి దగ్గర ఒకసారి తీసుకున్న వివరం మళ్లీ అడగకూడదన్నది అక్కడి సూత్రం. డెన్మార్క్ 2014 నుంచి ప్రభుత్వ ఉత్తరాలను పౌరుల డిజిటల్ పోస్టు డబ్బాకే పంపుతోంది, వాడలేనివాళ్లకి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు ముఖ్యం, లేకపోతే వృద్ధులు నానా తిప్పలు పడతారు.

ప్రశ్న: స్టోర్ రూములో పాత కంప్యూటర్లు, విరిగిన బల్లలు పేరుకుపోయాయి. పనికిరావని కండెమ్ చేసి తీసేయడానికి ఎవరూ సంతకం పెట్టరు.

జవాబు: ఎందుకు పెడతారు చెప్పండి, పెడితే రేపు ప్రశ్నలు, పెట్టకపోతే ఏ గొడవా లేదు. అందుకే ఇన్నేళ్లు వాడిన వస్తువు కమిటీ ముందుకి దానంతట అదే రావాలని, ఇన్ని రోజుల్లో తేల్చాలని గడువు పెట్టాలి. పనికొచ్చేది ముందు ఇతర ఆఫీసులకి చూపించాలి, ఒక శాఖ పారేసే బల్ల కోసం పక్క శాఖ టెండర్ పిలుస్తూ ఉండొచ్చు. అమెరికాలో 1996 నాటి అధ్యక్ష ఆదేశం ప్రకారం ఫెడరల్ శాఖల మిగులు కంప్యూటర్లు బడులకి వెళ్తున్నాయి. హార్డ్ డిస్కులోని సమాచారం పూర్తిగా చెరిపాకే ఇవ్వాలి, ఇది మరిచిపోవద్దు. బాగుచేయలేనివి మామూలు స్క్రాప్ వేలంలో పెట్టకుండా గుర్తింపు ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వండి. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-చెత్త పోగైతే, సరైన పద్ధతిలో రీసైకిల్ అయినట్టు లెక్కకి వచ్చింది పావు వంతు కన్నా తక్కువ.

ప్రశ్న: మా సారుకి ఏసీ 18లో ఉండాల్సిందే. మేమంతా స్వెట్టర్లు వేసుకుంటున్నాం.

జవాబు: జపాన్ ప్రభుత్వం 2005లో వేసవికి ఆఫీసుల ఏసీ 28 డిగ్రీల దగ్గర పెట్టి, ఉద్యోగుల్ని టైలు, కోట్లు వదిలేయమంది. ప్రధాని కొయిజుమి తానే టై లేకుండా కనిపించారు. మీ సారుకి 28 చెప్పకండి, గుండె ఆగుతుంది. 24 దగ్గర బేరం మొదలుపెట్టండి.

ప్రశ్న: నేను ఉద్యోగిని కాదు, మామూలు పౌరుణ్ని. నేనేం చేయగలను?

జవాబు: సమాచారం అడిగే చట్టం ఇప్పుడు వందకు పైగా దేశాల్లో ఉంది, వాడండి. ‘మీరు పర్యావరణానికి ఏం చేస్తున్నారు’ అని అడిగితే మొక్కలు నాటిన ఫొటోలు పంపుతారు. గత మూడేళ్లలో ఏడాదికి ఎన్ని రీముల కాగితం కొన్నారు, నెలవారీ కరెంటు యూనిట్లెన్ని, ఆర్థిక సంవత్సరం ఆఖరి నెలలో కొన్న వస్తువుల జాబితా ఏమిటి అని అడగండి. వచ్చిన జవాబు మాకు పంపితే వచ్చే సంచికలో వేస్తాం, ఆఫీసు పేరు తీసేసి.