రెక్కలాడించే విమానం ఎగిరిందని ఎప్పుడు చెప్పాలి?

అనంతపురం

చిరంజీవి అల్లునికి మామ ఆశీస్సులు.

కాళ్ల బలంతో రెక్కలాడించే విమానం కడతామన్నారు, సంతోషం. ఎన్ని మీటర్లు పోతే ఎగిరినట్టని అడిగినావు. ఇది మీటర్లతో తేలే లెక్క కాదు నాయనా.

మనిషి, విమానం కలిపి 110 కిలోలు, వేగం సెకనుకు 7 మీటర్లు అనుకో. రెక్కలు కదపకుండా జారితే 25 మీటర్లకు ఒక మీటరు దిగుతుంది అనుకో. కారుతో లాగి 3 మీటర్ల ఎత్తున, 8 మీటర్ల వేగంతో తాడు వదిలినారు. ఎక్కువున్న ఆ ఒక్క మీటరు వేగమే ఇంకో 77 సెంటీమీటర్ల ఎత్తుతో సమానం. అంటే కాలు కదపకుండానే 90 మీటర్లు దాటుతుంది. అదంతా కారు ఇచ్చిన దూరం.

అందుకని తాడు వదిలిన క్షణానా, చివరానా ఒకటే కొలత తీయండి. వేగాన్ని వేగంతోనే గుణించి 19.6తో భాగించి, వచ్చినదాన్ని ఎత్తుకు కలపాలి. ఆ మొత్తం చివరికి తగ్గకుంటేనే మనిషి బలం విమానాన్ని మోసినట్టు. తగ్గితే అది సాగదీసిన జారుడే. రెక్క ఆడినప్పుడల్లా పైలట్ ఉన్న భాగం పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి, రెండు కొలతలూ రెక్క ఒకే స్థితిలో ఉన్నప్పుడే తీయాలి. లేకుంటే లేని ఎత్తు కనపడుతుంది.

2010 ఆగస్టు 2న కెనడాలో టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు స్నోబర్డ్ అనే, మనిషి బలంతో రెక్కలాడించే విమానాన్ని కారుతో లాగే లేపినారు. దాని పైలట్ టాడ్ రైకర్ట్ 19.3 సెకన్లలో 145 మీటర్లు పోయినాడు. దానికి విలువ తెచ్చింది ఆ 145 కాదు, తాడు వదిలినాక ఎత్తునూ వేగాన్నీ నిలబెట్టుకోవడం. నేల నుంచి సొంతంగా లేవడం ఇంకా పెద్ద పరీక్ష. 1977లో మనిషి బలంతోనే నడిచే గాసమర్ కాండర్ అనే విమానం అట్లనే లేచింది, కానీ దానికి ప్రొపెల్లర్ ఉండింది. ఈ రెండింటినీ కలిపి చెప్పొద్దు.

పై లెక్కలో ఎత్తు నిలవాలంటే గాలికి దాదాపు 300 వాట్లు అందాలి. తీగల్లో, రెక్కల్లో పోయేది కలిపితే కాళ్లు ఇంకా ఎక్కువ ఇవ్వాలి. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. రెక్క కిందికి దిగేటప్పుడు దాని ముందంచు కొద్దిగా కిందికి మెలిక పడాలి, అప్పుడే ముందుకు తోపు వస్తుంది. మరీ బిగువుగా కడితే గాలిని చితకబాదుతుందే తప్ప ముందుకు నెట్టదు. మరీ వదులుగా ఉంటే మోసే బలమే పోతుంది. రెక్కను ఆనించే స్ప్రింగు పెట్టుకోవచ్చు. లేవకముందే బిగించిపెట్టిన స్ప్రింగు, రబ్బరు మాత్రం వద్దు. అది మనిషి బలం కిందికి రాదు.

చేను నేలను మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో చూడండి. 100 మీటర్లకు ఒక మీటరు వాలుంటే, నేల నుంచి ఎత్తు కొలిచే మీకు కాళ్ల పనిలో పావు వంతు ఆ వాలే చేసిపెడుతుంది. ఆషాఢం గాలిలో అసలు వద్దు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. చలికాలంలో పొద్దు పొడవకముందే, రెండు దిక్కులా ఎగరండి. జీపీయస్ చూపేది నేల మీది వేగం, మనకు కావాల్సింది గాలిలో వేగం. గాలివేగం కొలిచే గొట్టాన్ని రెక్కకు బాగా ముందు, కర్ర చివర కట్టండి.

ముఖ్యంగా, రెక్కలు ఆడించిన ప్రతిసారికీ జతగా, అదే ఎత్తు, అదే వేగంతో తాడు వదిలి, రెక్కలు కదపకుండా ఒకసారి జారండి. ఆ రెండింటి తేడాయే మీ పైలట్ కాళ్లు చేసిన పని. ఆ కాగితాలు దాచి నాకు పంపు.

మీ మామ