వార్డుల హద్దులు గీయబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

2027 జనాభా లెక్కలు ప్రచురితమయ్యాక మహబూబ్‌నగర్ నగరపాలక సంస్థలో వార్డుల పునర్విభజన పని నీ మీద పడవచ్చని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పట్టణ ప్రణాళిక విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడిగా నాకు తెలిసింది రాస్తున్నాను.

రాజ్యాంగంలోని 243పీ అధికరణం ప్రకారం జనాభా అంటే చివరిసారి ప్రచురితమైన లెక్కలే గనుక, ఇన్నేళ్లూ 2011 అంకెలనే పట్టుకుని హద్దులు గీయాల్సి వచ్చింది. అప్పటి చేలలో ఇప్పుడు కాలనీలు లేచాయి కాబట్టి కొత్త అంకెలు చేతికి రాగానే సగటు తీయి. మాటకు 1,80,000 జనాభా, 60 వార్డులు అనుకుంటే సగటు 3,000. పది శాతం అటూ ఇటూ అంటే 2,700 నుంచి 3,300 లోపు ఉండాలి. ఈ లెక్క ఎవరైనా చేస్తారు. అసలు చిక్కు గణన బ్లాకుల దగ్గర, అంటే జనాభా లెక్కల కోసం ఒక్కో గణకుడికి అప్పగించే చిన్న ప్రాంతాల దగ్గర వస్తుంది. ఒక బ్లాకును మధ్యలో కోశావంటే ఏ పక్క ఎంతమంది ఉన్నారో ఊహించి రాయడమే అవుతుంది, ఊహించి రాసిన అంకె అభ్యంతరం ముందు నిలబడదు. అందుకని బ్లాకుల నజరీ నక్షాలు, అంటే వాటి హద్దులు చూపే చిత్తు పటాలు సంపాదించి, ఆ బ్లాకులను చెక్కు చెదరకుండా కలుపుకుంటూ వార్డు కట్టు.

గీత గీసే ముందు ఆ దారిన తప్పకుండా నడువు. నేను పనిచేసిన ఒక పట్టణంలో పటం మీద చక్కగా కనిపించిందని ఇరుకు గల్లీ నడుమ నుంచి హద్దు పోనిచ్చాము. ఒక వానాకాలం ఆ గల్లీ మోరీ నిండి, మురుగు గడపల దాకా వచ్చింది. ఎడమ వరుస ఇళ్లవాళ్లు ఒక కౌన్సిలర్ దగ్గరికి, కుడి వరుసవాళ్లు మరొకరి దగ్గరికి పోతే, మోరీ అవతలి వార్డుదని ఇద్దరూ పంపేశారు. ఒక ముసలమ్మ తన గడప ముందర ఇటుకలు పేర్చుకుని వాటి మీద అడుగేసుకుంటూ లోపలికి పోవడం నేను కళ్లారా చూశాను. ఆ గీతలో నా చేయి కూడా ఉందన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. కాబట్టి రైలు పట్టాలు, పెద్ద నాలా, ప్రధాన రహదారి వంటివి హద్దులుగా తీసుకో. గల్లీ రెండు వైపులూ ఒకే వార్డులో ఉండనీ.

ఎస్సీ, ఎస్టీ స్థానాల రిజర్వేషన్ జనాభా నిష్పత్తిని బట్టి వస్తుంది కనుక దళితవాడనో తండానో రెండు వార్డులకు పంచితే వాళ్ల బలం రెండు చోట్లా పలచబడుతుంది. అలా చేయమని ఎవరు ఒత్తిడి తెచ్చినా, కారణం కాగితం మీద రాసి ఇమ్మని మర్యాదగా అడుగు.

ముసాయిదా మీద వచ్చిన ప్రతి అభ్యంతరానికీ స్థలం చూసొచ్చి, కారణంతో జవాబు రాయి. 243జెడ్‌జీ అధికరణం వల్ల తుది ప్రకటన తరువాత కోర్టుకెక్కడం జనానికి కష్టం, వాళ్లకు చేతనైన అవకాశం చాలావరకు ఇదొక్కటే. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం హద్దులు రాసిన వివరణను ఆ వార్డు బిల్ కలెక్టర్ చేతికిచ్చి, దాన్ని చదువుకుంటూ చుట్టూ నడిచి రమ్మను. అతడు తడబడిన చోటల్లా తిరగరాయి.

వీలు చూసుకుని ఒక ఆదివారం నల్లగొండకు రా, నా దగ్గరున్న పాత పటాలు ముందేసుకుని కూర్చుందాం.

నీ మేనమామ
నల్లగొండ