పాత విక్రాంత్ బొమ్మకు ఏ జెండా?

ప్రశ్న: మా అబ్బాయి 1971 యుద్ధం నాటి విక్రాంత్ ఓడను వాటర్ కలర్స్‌తో వేశాడు. జెండా తప్పని పోటీలో మార్కులు కోశారు. అసలు ఏది వేయాలి?
– ఒక తల్లి, కావలి

జవాబు: ఫొటో చూశానమ్మా. ఓడ భలే కుదిరింది. జెండా మాత్రం మన నౌకాదళానికి 2022 సెప్టెంబర్‌లో వచ్చినది. ఆ నీలం అష్టభుజి అప్పటికి లేదు. 1971లో తెల్ల గుడ్డ మీద అడ్డంగా, నిలువుగా ఎర్ర పట్టీలు, కర్ర వైపు పై మూలలో మన మువ్వన్నెల జెండా. అంతే. పట్టీల మధ్య సింహాల గుర్తు కూడా 2004లోనే చేరింది. 2001లో పట్టీలు తీసేసి నీలం గుర్తు పెడితే, ఆకాశం రంగులో కలిసిపోతోందని మళ్లీ పట్టీలే తెచ్చారు.

మార్కులు కోసినవాళ్లు చూడనిది ఇంకోటుంది. డెక్ మీంచి సీహాక్ విమానం లేస్తోంది, జెండా మాత్రం ఓడ ముందువైపుకి రెపరెపలాడుతోంది! విమానాలు లేచేటప్పుడు ఓడను గాలికి ఎదురు తిప్పుతారు. జెండా, పొగ రెండూ వెనక్కే పోవాలి. బాబును ఓసారి తుమ్మలపెంట తీసుకెళ్లండి, ఎదురుగాలిలో వచ్చే పడవ మీద గుడ్డపీలిక ఎటు కొట్టుకుంటుందో చూస్తాడు. సైన్‌బోర్డులు రాసే రోజుల్లో నేనూ ఒక పడవ బొమ్మకు జెండా ఇలాగే ముందుకు వేసి, పడవాయన చేత తిట్లు తిన్నాను.