ఓణీల ఫంక్షన్ డెకరేషన్ మూడు వేలల్లో అవుతుందా? అవుతుంది, తాడు దగ్గర పిసినారితనం చెయ్యకపోతే

మీ ప్రశ్న ఇది: నెల్లూరులో సొంత మిద్దె మీద వైశాఖంలో పాపకి ఓణీల ఫంక్షన్, నలభై మంది చుట్టాలు, డెకరేషన్ వాళ్ళేమో పదిహేను వేలు అడిగారు, ఇంట్లోనే చేసుకుంటే మూడు వేలల్లో అవుతుందా, పూలు ఎన్ని కిలోలు తీసుకోవాలి?

పూల లెక్క తర్వాత చెప్తాను. ఇంటి డెకరేషన్ చెడేది పూల దగ్గర కాదు. తాడు దగ్గర, ముడి దగ్గర, గాలి దగ్గర. ఇది తెలియక జనం ఇంకో రెండు కిలోల బంతిపూలు కొంటారు, అవి కూడా కిందికి జారిపోతాయి.

ముందు గాలి. నెల్లూరులో ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది. తూర్పు నించి వస్తుంది. అమ్మాయిని కూర్చోబెట్టేది తూర్పు ముఖంగా. అంటే వెనక తెర పడమట ఉంటుంది, గాలి సూటిగా ఆ తెర మీదికే వస్తుంది. పొద్దున పదకొండుకి కట్టి ఫొటో తీసుకున్నప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది. మూడింటికి ముత్తయిదువలు పసుపు, కుంకుమ పళ్ళేలతో పైకొచ్చేసరికి తెర తెరచాప అవుతుంది. వాసం వెనక్కి ఒరుగుతుంది, ఎవరో మామయ్య పరిగెత్తి పట్టుకుంటాడు, ఇంక ఫంక్షన్ అయ్యేదాకా ఆయన స్తంభమే. ఆయన ఒక చేత్తో వాసాన్నీ ఇంకో చేత్తో పంచె కొంగునీ పట్టుకుని ఉన్న ఫొటో ఆల్బమ్‌లో ఖాయం.

ఎందుకు ఒరిగిందంటే, తాళ్ళు వెనక పిట్టగోడకి కట్టి ఉంటారు. గాలి తోసేది వెనక్కే కదా, ఆ తాళ్ళు బిగుసుకోవు, వేలాడతాయి. వెనక కావాల్సింది తాడు కాదు, ఊతకర్ర. వాసం ఎత్తులో మూడొంతుల్లో రెండొంతుల దగ్గర ఆనేట్టు, వెనక నించి ఏటవాలుగా ఒక్కో వాసానికి ఒక్కో కర్ర. కర్ర కింది కొన పిట్టగోడ మొదలుకి తన్నిపెట్టాలి. ఇంకా సులువైన దారి కావాలంటే మెట్ల గది గోడ తూర్పు ముఖాన్నే తెరకి వెనక గోడ చేసుకోండి. గాలి గుడ్డని గోడకేసి నొక్కుతుంది, అంతే, పడేదేమీ లేదు.

గోడ కుదరకపోతే చట్రం ఇట్టా కట్టుకోండి. పది అడుగుల సరుగుడు వాసాలు రెండు, అడ్డానికి ఎనిమిది అడుగులది ఒకటి. సరుగుడు మన సముద్రపొడ్డున తోటలు తోటలుగా ఉంది, అడితిలో అద్దెకి కూడా ఇస్తారు. మిద్దెకి గుంట తవ్వలేం కాబట్టి ఖాళీ పదిహేను లీటర్ల నూనె డబ్బాలు రెండు తెచ్చుకుని, వాసం నిలబెట్టి చుట్టూ తడి ఇసుక కూరండి. ఒక్కో డబ్బా పాతిక కిలోలకి దగ్గరగా తూగుతుంది. పొడి ఇసుక పోస్తే వాసం అందులో గిరగిరా తిరుగుతుంది, తడిపి కర్రతో కూరాలి. అడ్డవాసం నేల నించి ఎనిమిదిన్నర అడుగుల ఎత్తులో ఉండాలి. తెర కట్టేది చీరలతోనే, ఈ ఎత్తు ఎందుకో ఆ చీర లెక్కలో తెలుస్తుంది.

చీర పొడవు ఐదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు. సగానికి మడిచి అడ్డవాసం మీద వేస్తే ముందూ వెనకా తొమ్మిదేసి అడుగులు వేలాడుతుంది. ఎనిమిదిన్నర నేల దాకా, మిగిలిన అర అడుగు కింద ఒక వెదురు కర్రకి చుట్టడానికి. ఆ కర్ర బరువుకి కుచ్చిళ్ళు నిలువుగా నిలబడతాయి. పన్నా, అంటే వెడల్పు, మూడు ముప్పావు అడుగులు, నాలుగు చీరలైతే పదిహేను అడుగులు, దాన్ని ఎనిమిది అడుగుల్లోకి దగ్గరగా జరిపితే కుచ్చిళ్ళు సరిగ్గా వస్తాయి. మూడు చీరలతో లాగితే ఆరేసిన బట్టల్లా ఉంటుంది. చీరకీ చీరకీ మధ్య బెత్తెడు సందు వదలండి, గాలి పోవడానికి. పాత నూలు చీరలే వాడండి. వెంకటగిరి జరీ చీర అందంగా ఉంటుంది నిజమే, కానీ పిన్నీసు గుచ్చిన చోట పోగు లేచిందంటే బాగుచెయ్యలేరు. గుచ్చక తప్పకపోతే అంచు మడతలోనే గుచ్చండి.

ఆ సందుల్లో ఏం పెట్టాలంటే తాటాకులు. నగరాల్లో తాటాకుని ఎండబెట్టి, కొన కత్తిరించి, రంగు కొట్టి, ఏదో ఇంగ్లీషు పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, మనవాళ్ళు నెల్లూరులో కూర్చుని తెప్పించుకుంటున్నారు! కావలి వైపు ఏ ఊరికి పోయినా గట్ల మీద తాటిచెట్లే కదా. చెట్టు గలవాళ్ళని అడిగితే చిన్న ఆకులు పది ఊరికే కొట్టిస్తారు. తాటి మట్ట అంచుకి రంపం పళ్ళు ఉంటాయి, ముందు కత్తితో ఆ పళ్ళు చెక్కెయ్యాలి, పిల్లల చేతికి అట్టనే ఇవ్వకండి. ఆకుని నేరుగా ఎండలో పడేస్తే ముడుచుకుని గొడుగు మూసినట్టు అవుతుంది. నీడలో చాప మీద పరిచి, పైన ఇంకో చాప, దాని మీద పలకబండ పెట్టి నాలుగు రోజులు వదలండి. ఆ తర్వాత కొనలు మామిడాకు ఆకారంలో కత్తిరించి, మడతల మీద ఒకటి విడిచి ఒకటి తెల్ల రంగు పూయండి. పచ్చిగా ఉన్నప్పుడు పూస్తే ఆకు ఎండేకొద్దీ రంగు పొట్టులా లేస్తుంది.

ఇక అసలు సంగతి, గుమ్మానికి మామిడి తోరణం. ఇది అందరికీ వచ్చు అనుకుంటారు. సగం ఇళ్ళలో సాయంత్రానికి చూడండి, ఆకులన్నీ మధ్యకి జారి పంచాయితీ పెట్టినట్టు గుంపుగా ఉంటాయి, రెండు పక్కలా బోడి తాడు. కారణం నైలాన్ తాడు. దానికి పట్టు లేదు. పురికొస తెచ్చుకోండి. ఒంగోలు, టంగుటూరు, కొండపి వైపు చుట్టాలుంటే పని ఇంకా సులువు, పొగాకు బ్యారన్ల (ఆకుని వేడికి ఆరబెట్టే గదులు) కోసం కర్రలకి ఆకు అల్లే పురికొస ఆ ఊళ్ళలో ఉండలు ఉండలుగా ఉంటుంది. జనపనార గరుగ్గా ఉంటుంది కాబట్టి ఆకు కట్టిన చోటే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: జనపనార తాడు తడిస్తే బిగుస్తుంది, ఆరితే వదులవుతుంది. చట్రానికి కట్టేవి పొడి తాళ్ళతోనే కట్టండి, తడివి కడితే మధ్యాహ్నానికి వాసాలు ఊగుతాయి.

గుమ్మం మూడున్నర అడుగులు అనుకుందాం, నలభై రెండు అంగుళాలు. రెండు అంగుళాలకి ఒక ఆకు, ఇరవై ఒకటి. నాలుగు ఎక్కువ పెట్టుకోండి, చిరుగుతాయి. తాడు ఆరడుగులు: గుమ్మానికి మూడున్నర, రెండు కొనల్లో ముడికి అడుగు చొప్పున, మధ్యలో కాస్త వంపు రావడానికి అర. ఆకు లేతది వద్దు. రాగి రంగు చిగురు అందంగా ఉంటుంది కానీ గంటలో వడలి వేలాడుతుంది. ముదురు పచ్చది, వంచితే పెళుసుగా అనిపించేది తీసుకోండి. తెల్లవారుజామున కోసి గంటసేపు బక్కెట్టు నీళ్ళలో ముంచి, తుడిచి, అప్పుడు గుచ్చాలి.

గుచ్చే పద్ధతి ఇది. తొడిమ వైపు రెండు అంగుళాలు తాడు మీదుగా వెనక్కి మడవండి. చీపురు ఈనె రెండంగుళాల ముక్క విరిచి, తాడుకి కింద అర అంగుళం దూరంలో, రెండు మడతల్లోకీ అడ్డంగా లోపలికి గుచ్చి బయటికి తియ్యండి. ఈనెపుల్ల ఆకు నడిమి ఈనె కిందుగా దూరి అవతలకి రావాలి. అది ముఖ్యం. నడిమి ఈనెని పట్టకుండా పక్క రేకులో గుచ్చితే ఆకు ఎండేటప్పుడు అక్కడే చీలి ఊడిపోతుంది. స్టాప్లర్ కొట్టేవాళ్ళు ఉన్నారు, పని తొందరగా అవుతుంది. కానీ మర్నాడు ఆ తోరణం పారేశాక ఆవు నోట్లోకి పోతుంది, పిన్నులతో సహా. వద్దు.

గుమ్మానికి రెండు పక్కలా అరటి పిలకలు కడతారు కదా, నరికిన మొదలుని తడి ఇసుక బక్కెట్టులో పెడితే సాయంత్రం దాకా ఆకు నిలుస్తుంది. నరికాక అరగంట కర కారనిచ్చి, మొదలు కడిగి అప్పుడు లోపలికి తెండి. అరటి కర బట్టకి అంటితే మొదట నీళ్ళలాగే ఉంటుంది, ఆరాక నల్లమచ్చ, ఏ సబ్బుకీ పోదు. కొత్త ఓణీ వేసుకున్న పిల్ల ఆ పక్కనే నిలబడి ఫొటో దిగుతుందని గుర్తుపెట్టుకోండి.

కాగితం చక్రాలు పిల్లలకి అప్పగించొచ్చు, తెర మీద తొమ్మిది చాలు. ఏ4 రంగు కాగితం ఒక్కటి మడిచి చక్రం చెయ్యబోతే మూయదు, నోరు తెరుచుకుని ఉంటుంది. తప్పు పిల్లలది కాదు. 21 సెంటీమీటర్ల వెడల్పు కాగితాన్ని మడతలు పెట్టి నడుముకి కడితే ఒక్కో అంచు అరచక్రం అవ్వాలి, దానికి 33 సెంటీమీటర్లు కావాలి. కాగితం పొడవు 29.7. చాలదు కదా. రెండు కాగితాలు పొడవుగా అంటించి, ఒకటిన్నర సెంటీమీటర్ల మడతలు పెట్టండి, నిండుగా వస్తుంది. అంటే పద్దెనిమిది కాగితాలు. క్రేప్ కాగితం జోలికి పోకండి, చెమట చెయ్యి తగిలినా రంగు దిగుతుంది, సున్నం కొట్టిన గోడకి అంటితే మళ్ళీ సున్నం కొట్టాల్సిందే.

జిగురుకి అర కప్పు మైదాని అర కప్పు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, ఒకటిన్నర కప్పుల మరిగే నీళ్ళు పోస్తూ సన్నసెగ మీద నాలుగు నిమిషాలు తిప్పండి. తెల్లదనం పోయి మెరుపు వస్తే అయినట్టు. పచ్చిపిండి వాసన ఉంటే ఉడకలేదు, ఆరాక పొడిగా రాలుతుంది. ఈ ఎండల్లో రెండో రోజుకి పులుస్తుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే. పూర్వం పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసేవాళ్ళు, అది విషం, పిల్లలు తిరిగే ఇంట్లో వద్దు.

బీరువా మీద పాత పెళ్ళి పత్రికల కట్ట ఉంటుందిగా, ఏ ఇంట్లో లేదు? ఆ దళసరి అట్ట, బంగారు రంగు అచ్చు ఏ దుకాణంలో కొన్నా అంత బాగుండవు. మామిడాకు ఆకారంలో అట్ట మీద ఒక అచ్చు గీసుకుని కత్తిరిస్తే లోపలి గదులకి సరిపడా తోరణాలు. దేవుడి బొమ్మ ఉన్న ముక్క పక్కన పెట్టండి, దాని మీద కత్తెర పెడితే అమ్మమ్మ ఊరుకోదు.

థర్మాకోల్ అక్షరాలు, అమ్మాయి ఫొటోతో ఫ్లెక్సీ చేయించమని ఎవరో ఒకరు చెప్తారు. అలంకరణకి వాడే థర్మాకోల్‌ని 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలూ అదే జాబితాలో ఉన్నాయి. బజారులో ఇంకా అమ్ముతున్నారంటే అది వేరే గోల. పేరు రాయడానికి పెద్ద మార్కాపురం పలక ఒకటి తీసుకుని, సుద్దముక్కని పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టి రాయండి. రాసేటప్పుడు సరిగా కనపడదు, కంగారుపడి మీద మీద దిద్దకండి, ఆరేకొద్దీ తెల్లగా తేలుతుంది. ఇదే సుద్దతో నున్నటి టైల్సు మీద ముగ్గు కూడా వెయ్యొచ్చు, పొడి ముగ్గైతే ఫ్యాను గాలికే లేచిపోతుంది.

ఇప్పుడు పూలు. వైశాఖం బంతికి మంచి కాలం కాదు. దసరా నించి సంక్రాంతి దాకా అయితే ఎన్ని కిలోలైనా తీసుకోమని చెప్పేదాన్ని. పూల సైజుని బట్టి కిలోకి పన్నెండు నించి పదిహేను అడుగుల దండ వస్తుంది. మీకు అడ్డవాసం మీద ఎనిమిది అడుగులు, కుర్చీకి రెండు పక్కలా రెండేసి, మొత్తం పన్నెండు. కిలోన్నర తీసుకుంటే నలిగినవి పోను చాలు. మల్లె మీ కాలమే, కానీ ఎండలో కడితే మూడు గంటల్లో గోధుమ రంగు. మొగ్గలుగా తెచ్చి తడిగుడ్డలో చుట్టి ఉంచి, ముత్తయిదువలు వచ్చే ముందు కుర్చీ వీపుకి మాత్రం కట్టండి.

చీరలు ఇంట్లోవే, తాటాకు ఊరికే. డబ్బు పోయేది వాసాల అద్దెకి, పురికొసకి, కాగితాలకి, పలకకి, పూలకి. మూడు వేలు దాటదు. దాటిందంటే ఎవరో బెలూన్లు తెచ్చారని అర్థం, మిద్దె మీద ఆ ఎండకి అవి పటాపటా పేలి చంటిపిల్లల్ని ఏడిపిస్తాయి. విప్పేటప్పుడు ముందు చీరలు తియ్యండి, ఊతకర్రలు ఆఖర్న.