అకాడమీ వదిలేసిన మా మేనల్లుడికి

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఫుట్‌బాల్ అకాడమీ వాళ్ళు నిన్ను ఇంక వద్దని రిలీజ్ చేశారని, నువ్వు మూడ్రోజులుగా గదిలోంచి బయటికే రావట్లేదని చెప్పి ఏడ్చింది. నీతో ఫోన్లో మాట్లాడదామనుకున్నా కానీ ఊఁ ఊఁ అని పెట్టేస్తావని తెలుసు, అందుకే కూర్చుని రాస్తున్నా, మెల్లగా చదువుకో. పదిహేడేళ్ళకి ఇలాంటిది తట్టుకోవడం చాలా కష్టం రా, ఏడుపొస్తే ఏడువు, అందులో తప్పేం లేదు. కానీ "ఇంక ఆడను" అన్నావట, అదే నాకు మింగుడు పడట్లేదు.

నేను స్కాట్లాండ్‌లో ఈ పెయిస్లీ వచ్చింది 1995లో. హాస్పిటల్లో నాతో పనిచేసేవాళ్ళలో సగం మంది ఈ ఊరి క్లబ్ సెయింట్ మిర్రెన్ ఫ్యాన్సే, శనివారం డ్యూటీ లేకపోతే నన్ను లవ్ స్ట్రీట్ గ్రౌండ్‌కి లాక్కెళ్ళేవాళ్ళు. వాళ్ళ నోట్లో ఎప్పుడూ ఒకటే మాట, 1987 స్కాటిష్ కప్. ఆ ఫైనల్లో డండీ యునైటెడ్‌ని 1-0తో కొట్టారు, అదీ ఎక్స్‌ట్రా టైమ్‌లో. ఆ టీమ్‌లో పక్కనే లిన్‌వుడ్‌లో పెరిగిన పదిహేడేళ్ళ కుర్రాడు ఒకడున్నాడు, పాల్ లాంబర్ట్. నీ వయసే. మరి అంత చిన్నప్పుడే కప్పు కొట్టినోడి దారి సాఫీగా సాగిందనుకుంటావు కదా, లేదు. 1992లో సెయింట్ మిర్రెన్ పైలీగ్ నుంచి కిందికి పడిపోయింది, వీడు కూడా ఒక సీజన్ అక్కడే కింద ఆడి 1993లో మదర్‌వెల్ అనే ఇంకో స్కాటిష్ క్లబ్‌కి వెళ్ళాడు. బాగా ఆడేవాడు, 1995లో మదర్‌వెల్ లీగ్‌లో రెండో స్థానంలో వచ్చింది, అయినా గ్లాస్గో దాటితే అతని పేరు ఎంతమందికి తెలుసు చెప్పు.

1996లో కాంట్రాక్ట్ అయిపోయింది. అంతకుముందు డిసెంబర్‌లోనే బోస్మన్ తీర్పు వచ్చింది, అంటే కాంట్రాక్ట్ అయిపోయిన ప్లేయర్ యూరప్‌లో ఇంకో క్లబ్‌కి వెళ్తే పాత క్లబ్‌కి డబ్బు కట్టక్కర్లేదు. అప్పుడు ఇతను ఏం చేశాడో విను, ట్రయల్స్‌కి వెళ్ళాడు. అప్పటికే స్కాట్లాండ్ జెర్సీ వేసుకున్నోడు, ఇరవై ఆరేళ్ళోడు, కుర్రాళ్ళలాగా బ్యాగ్ సర్దుకుని ముందు హాలండ్‌లో పీఎస్వీకి వెళ్ళాడు, వాళ్ళు తీసుకోలేదు. అప్పుడైనా ఇంటికొచ్చి కూర్చోలేదు, జర్మనీలో బొరుసియా డార్ట్‌మండ్‌కి వెళ్ళాడు, అప్పటికి రెండేళ్ళు వరసగా జర్మన్ ఛాంపియన్లు వాళ్ళు. కోచ్ హిట్స్‌ఫెల్డ్ చూశాడు, ఉంచుకున్నాడు. పీఎస్వీ వద్దందని అక్కడే ఆగిపోయుంటే ఆ తర్వాత జరిగిందేదీ జరిగేది కాదు, నాకు ఇప్పటికీ అది తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

1997 మే 28, మ్యూనిక్, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, అంటే యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు. అవతల ఇటలీ క్లబ్ యువెంటస్, అంతకుముందు ఏడాది కప్పు వాళ్ళదే, పైగా ఫ్రాన్స్ స్టార్ మిడ్‌ఫీల్డర్ జిదాన్ ఉన్నాడు. జిదాన్‌ని పట్టుకునే పని లాంబర్ట్‌ది. ఆ రాత్రి నేను టీవీ ముందునుంచి కదల్లేదు. ఫస్ట్ హాఫ్‌లో జిదాన్ షాట్ ఒకటి పోస్ట్‌కి తగిలింది, కాబట్టి పూర్తిగా ఆపేశాడని అబద్ధం చెప్పను, కానీ మ్యాచ్ మొత్తం మీద ఆ మహానుభావుడికి తీరిగ్గా తల ఎత్తి చూసే టైమ్ ఇవ్వలేదు. మొదటి గోల్ కూడా లాంబర్ట్ కుడివైపు నుంచి వేసిన క్రాస్‌కే, రీడ్లే ఛాతీతో దించుకుని కొట్టాడు. 3-1తో గెలిచారు. పేపర్లలో రీడ్లే రెండు గోల్స్, గోల్‌కీపర్ మీదుగా లేపి రికెన్ కొట్టిన గోల్, అవే. నువ్వు ఆడే పొజిషన్ అదే రా, డిఫెన్స్ ముందు నిలబడేది, చప్పట్లు పక్కోడికి వెళ్తాయి.

ఇప్పుడు నీ ఆట గురించి ఉన్నదున్నట్టు చెప్తా, కోపం తెచ్చుకోకు. నేను శనివారాలు పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి నేర్పిస్తున్నా కదా, నీ మ్యాచ్‌లు కూడా చాలా చూశా. డిఫెండర్ నుంచి బాల్ వచ్చేటప్పుడు నువ్వు మన గోల్ వైపు మొహం పెట్టి నిలబడతావు, వెనకాల ఎవడున్నాడో తెలీదు, అందుకని మళ్ళీ వెనక్కే ఇచ్చేస్తావు. బాల్ రాకముందే రెండుసార్లు భుజం మీదుగా చూడు, సగం పక్కకి తిరిగి అవతలి కాలితో అందుకో, అప్పుడు ముందుకి దారి అదే కనిపిస్తుంది. రెండోది, బాల్ పోగానే చేతులు ఎత్తి రెఫరీ వైపు చూస్తావు, ఆ రెండు సెకన్లలోనే నీ మనిషి వెళ్ళిపోతాడు. మూడోది, నలభై గజాల పాస్‌లంటే నీకు మోజు ఎక్కువ, పదింటిలో ఏడు అవుట్‌కి పోతున్నాయి, పక్కన ఖాళీగా ఉన్నోడికి ఐదు గజాల పాస్ ఇవ్వడానికి సిగ్గుపడకు. ఆ ఫైనల్ ఒకసారి పూర్తిగా చూడు, బాల్ మీద కళ్ళు పెట్టకుండా, తొంభై నిమిషాలు లాంబర్ట్ ఒక్కణ్ణే చూడు, బాల్ తన దగ్గర లేనప్పుడు ఎక్కడ నిలబడుతున్నాడో నోట్‌బుక్‌లో రాసుకో.

ఇంక పనులు. చుట్టుపక్కల పార్ట్‌టైమ్ క్లబ్స్ అన్నిటికీ ఈమెయిల్ పెట్టు, నాలుగు లైన్లు చాలు, వయసు, పొజిషన్, ఇన్నాళ్ళూ ఎక్కడ ఆడావు, ఎప్పుడు ఖాళీ. పాట పెట్టి కట్ చేసిన హైలైట్స్ వద్దు, ఒక హాఫ్ మొత్తం పంపు, నువ్వు తప్పు చేశాక ఏం చేస్తున్నావో కూడా కోచ్‌కి కనపడాలి. ట్రయల్లో రైట్‌బ్యాక్‌గా ఆడమంటే ఆడు. ఆండీ రాబర్ట్‌సన్‌ని గ్లాస్గో పెద్ద క్లబ్ సెల్టిక్ చిన్నప్పుడు పొట్టిగా ఉన్నావని వదిలేస్తే క్వీన్స్ పార్క్ అనే చిన్న క్లబ్‌కి వెళ్ళాడు, తర్వాత అతనే స్కాట్లాండ్ కెప్టెన్ అయ్యాడు. కాలేజ్ మాత్రం మానొద్దు, ఈ విషయంలో నేను మీ నాన్న పక్షమే. స్టువర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా మిడ్‌ఫీల్డరే, ప్రొఫెషనల్‌గా ఆడుతూనే లా డిగ్రీ చదివాడు.

దూరంగా ఆఫర్ వస్తే వెళ్ళు, అక్కడి భాష నేర్చుకో. లాంబర్ట్ జర్మన్ నేర్చుకున్నాడు, తర్వాత కోచింగ్ లైసెన్స్ కూడా జర్మనీలోనే చేశాడు, మేనేజర్‌గా ఇంగ్లండ్ క్లబ్ నారిచ్‌ని వరసగా రెండేళ్ళలో రెండు లీగ్‌లు పైకి తీసుకెళ్ళాడు, 2010లో ఒకటి, 2011లో ఒకటి. వెళ్ళాక అక్కడ ఉండలేకపోతే తిరిగి రా, ఎవరూ ఏమీ అనరు. యూరప్ కప్పు గెలిచిన ఆరు నెలలకే, 1997 నవంబర్‌లో, కుటుంబం కోసం అతను కూడా స్కాట్లాండ్ వచ్చేశాడు, సెల్టిక్‌లో చేరాడు, ఆ సీజన్ లీగ్ గెలిచి, వాళ్ళ గ్లాస్గో ప్రత్యర్థి రేంజర్స్‌ని వరసగా పదో టైటిల్ కొట్టకుండా ఆపారు. 2003లో సెవిల్‌లో యూఈఎఫ్‌ఏ కప్, అంటే యూరప్‌లో రెండో పెద్ద కప్పు ఫైనల్‌కి సెల్టిక్ కెప్టెన్ అతనే, పోర్చుగల్ క్లబ్ పోర్టో చేతిలో 3-2తో ఓడిపోయారు, ఆ రోజు ఈ ఊరు సగం ఏడ్చింది.

శనివారం పొద్దున పదింటికి పిల్లల ప్రాక్టీస్ ఉంది, నాకు సాయానికి ఇంకొకళ్ళు కావాలి. అయ్యాక మనిద్దరం ఓ గంట ఆ భుజం మీదుగా చూసే డ్రిల్ చేద్దాం. తొమ్మిదిన్నరకి కార్ తీసుకుని వస్తా, బూట్లు కడుక్కుని పెట్టుకో. ఈ రాత్రికి మాత్రం కిందికి దిగి అమ్మతో కూర్చుని అన్నం తిను.

మీ మావయ్య